పాటల టేపులో పాలలెక్క

కంప్యూటరనగానే నేటి గృహిణికి బల్లపై తెఱచి యుంచు పలుచని పెట్టెయో, అరచేతిలోని ఫోనో స్ఫురించును. నలువదియేండ్లక్రిందట ఇండ్లకు వచ్చిన కంప్యూటరు అట్టిది కాదు. దానికి తనదైన తెర లేదు. వ్రాసినదానిని దాచుకొను చోటును లేదు. తెరకై యింటిలోని టెలివిజనును, దాచుటకై టేపురికార్డరును ఎరువు తెచ్చుకొనెడిది. ఆ రెండును ఇంటిల్లిపాదికి వినోదసాధనములగుటచే తగవు తప్పెడిది కాదు.

జంటనగరములకు కంప్యూటరు క్రొత్త గాదు. 1967లో హైదరాబాదున నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్. సంస్థ కంప్యూటర్లను, టెలివిజన్లను గూడ తయారుచేసినది. కాని వానిలో మన యిండ్ల గడప దాటి వచ్చినవి టెలివిజన్లే. ఇంటి కంప్యూటరు సీమనుండి వచ్చెను. 1982లో సింక్లెయిర్ సంస్థవారు వెలువరించిన స్పెక్ట్రం అట్టిది. పుస్తకమంత ప్రమాణము, రబ్బరు మీటలు, హెచ్చుగా 48 కిలోబైట్ల జ్ఞాపకము. నేడు ఫోనుతో తీయు ఛాయాచిత్రమొక్కటియైనను అందు పట్టదు. కరెంటు పోయినచో ఆ కొంచెమును తుడిచిపెట్టుకొని పోవును. మన వేసవులలో కరెంటు మాట చెప్పనేల?

మా అత్తవారింటికి, చిలకలగూడకు, స్పెక్ట్రం 1986లో వచ్చినది. అది మేము కోడలుగా రాకమునుపటి మాట. కళాశాలలో చదువుచున్న మా చినమామగారికి ఒక మిత్రుడు లండనునుండి తెచ్చి యిచ్చెనట. దాని తీగను టెలివిజను ఏంటెన్నా రంధ్రమున దూర్చి, తెరపై అక్షరములు నిలుచువరకు చానలు మీటను త్రిప్పెడివారు. పంక్తికి 32 అక్షరములు, మొత్తము 24 పంక్తులు. 1987లో ఆదివారము ఉదయము రామాయణ ప్రసారము మొదలైన పిదప ఆ వేళకు కంప్యూటరును మూసి లేవవలసినదే. మా అత్తగారు ఈ విషయమున రాజీపడలేదు. న్యాయమే!

టేపు సంగతి ఇంతకంటె చిత్రము. కంప్యూటరు తన అంకెలను ధ్వనిగా మార్చి టేపుపై వ్రాయును. సున్న యనగా పొట్టి అల. ఒకటి యనగా దానికి రెండింతల అల. సెకనుకు సుమారు 1500 చొప్పున పరుగిడు ఈ అలలు చెవికి కీచురొదగా వినవచ్చును. మరల చదివించునపుడు ధ్వని హెచ్చైనను, తగ్గినను పని చెడును. నాలుగైదు నిమిషములు కూర్చున్న పిదప 'టేప్ లోడింగ్ ఎర్రర్' అని తెరపై పడెడిదట. ధ్వని సరిపోవుచోట చక్రముపై గోళ్లరంగుతో చుక్క పెట్టినది మా అత్తగారే.

క్రొత్త క్యాసెట్టు కొనుట ప్రతిమారును సాధ్యమా? 1988లో చినమామగారు తాము వ్రాసిన పాలలెక్కను చేతికందిన టేపుపై నెక్కించిరి. అందు ఆయన తల్లిగారు, అనగా మా అత్తగారికి అత్తగారు, పాడిన మంగళహారతులు, పెండ్లిపాటలు గలవు. ఆమె చదువు నేర్చినవారు కారు. పాటలన్నియు నోటనే యుండెను. వినిపించి చూడగా మొదటనే కీచుమనెను. వెంటనే ఆపివేసి, అంతయు చెరిగినదని తలచిరి. ఆమె 1991లో గతించిరి. ఆ టేపును మరల వినుటకు గాని, పారవేయుటకు గాని కుమారునికి మనసొప్పలేదు.

గతవేసవిలో అది ట్రంకుపెట్టెలో దొరకినది. మావారు పాత టేపురికార్డరునకు రబ్బరుపట్టీ మార్పించి, టేపు తగులు తలను స్పిరిటు దూదితో తుడిచి, ఇయర్‌ఫోను రంధ్రమునుండి తీగతో నేటి కంప్యూటరునకు కలిపిరి. స్పెక్ట్రంను అనుకరించు సాఫ్ట్‌వేరు ఆ రొదను చదివి, పాలవాడు రాని మూడు దినములతోసహా నాటి లెక్కను తెరపై నిలిపెను. అందఱును నవ్విరి. టేపు నడచుచునే యున్నది. రొద నిమిషమైనను లేదు. అది యాగినంతనే, పాట నడుమనుండి ఆమె కంఠము వినవచ్చెను. చినమామగారు లేచి వసారాలోనికి పోయిరి. పదునేడు పాటలు మిగిలియున్నవి. మొదటి హారతి పల్లవి మాత్రము లేదు. దానిని మా అత్తగారు జ్ఞాపకముంచుకొని చెప్పగా వ్రాసికొంటిమి.

సోదరీమణులారా, మీ యింట పాత క్యాసెట్టు కీచుమన్నచో వెంటనే పారవేయకుడు. రెండువైపులను తుదివఱకు వినుడు. టేపు నానాటికి చెడునది గనుక జాగు చేయరాదు. ముందుగా వదులైన టేపును పెన్సిలుతో బిగించుకొనుడు. క్యాసెట్టు వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్కు పలుకులుండును. వానిని విఱిచినచో రికార్డు మీట నొక్కినను దిగదు. మా టేపునకు ఆ పలుకులను చినమామగారే విఱిచిరి.