సర్వ అడుగున సొరకాయ

పొద్దున్నే కూరగాయలు తినాలనగానే ఓట్స్, సలాడ్లు గుర్తొస్తాయి. కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్ వైపు అంత దూరం పోనక్కర్లేదు, ఇంట్లో సర్వపిండి ఉంది, సర్వ అనే లోతు గిన్నె అడుగున అద్ది కాల్చే బియ్యప్పిండి రొట్టె. నిజాంసాగర్ జలాశయం 1931లో పూర్తయింది. దాని కాలువల కింద వరి పండే ఈ ప్రాంతంలో బియ్యప్పిండికి కొదవ లేదు. కొదవల్లా ఆ పిండిలో పడే కూరగాయకే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం 2,000 కిలోకేలరీల రోజువారీ ఆహారంలో కూరగాయలు 400 గ్రాములు ఉండాలి. మధ్యాహ్నం ఓ గరిటెడు కూర, రాత్రి అందులో మిగిలిందీ తింటే ఈ లెక్క తేలదు. పొద్దున ఓ వంద గ్రాములు పడితే కొంత నయం.

ముగ్గురికి 300 గ్రాముల బియ్యప్పిండి, అంతే తూకం సొరకాయ తురుము తీసుకోండి. తురిమే ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టుకోండి. చేదనిపిస్తే ఉమ్మేసి, కాయంతా పారేయండి. ఆ చేదు విషం, వండినా పోదు. మొహమాటపడి కూరలో కలిపేస్తే వాంతులు, విరేచనాలతో ఆస్పత్రి పాలవ్వాల్సి వస్తుంది.

తురుముకు ఉప్పు పట్టించి కాసేపు ఉంచితే నీళ్లూరతాయి. సొరకాయలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీళ్లే. అందుకే పిండి కలిపేటప్పుడు చెంబు పక్కన పెట్టేయండి, చాలకపోతేనే చిలకరించండి. నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, ఎల్లిపాయ కారం, కల్యామాకు అందులోనే వేయండి. పాలకూరో మెంతికూరో గుప్పెడు తరిగి వేస్తే ఇంకా మంచిది. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్‌ను శనగపప్పు భర్తీ చేస్తుంది.

బియ్యప్పిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు, చపాతీలా ఒత్తబోతే చిరుగుతుంది. కాబట్టి సర్వ లోపల నూనె రాసి, అడుగునా అంచులకూ చేత్తోనే పలుచగా అద్దాలి. వేలితో నాలుగైదు చిల్లులు పెట్టి, ఒక్కో దాంట్లో రెండు చుక్కల నూనె వేసి, మూత పెట్టి సన్న మంట మీద వదిలేయాలి. తిరగేసే పని లేదు. అడుగు కరకరలాడేలోగా సొరకాయ నీళ్ల ఆవిరికి పైభాగం ఉడుకుతుంది. మూత ఊరికే తీసి చూసేవాళ్లకు పైన పిండి పచ్చిగానే మిగులుతుంది.

చిక్కంతా రెండో పిండితోనే. సర్వ కాలుతుంటుంది, చెయ్యి పెట్టలేం. బోర్లించి నీళ్లు పోసి చల్లార్చాలి, లేదా రెండో సర్వ సిద్ధంగా ఉంచుకోవాలి. పొద్దున బస్సు అందుకోవాల్సిన ఇంట్లో రెండోదే సుఖం.

పల్లీలున్నాయి కదా అని నూనె ధార కట్టొద్దు. షుగరున్నవాళ్లు సొరకాయ ఉంది కదా అని నాలుగు లాగించనూ వద్దు, మూలం బియ్యమే. సగం జొన్నపిండి కలుపుకుంటే పీచు పెరుగుతుంది. కాకపోతే కాస్త ఎక్కువసేపు కాలాలి. పక్కన పెరుగు చాలు. కారంగా కావాలంటే సొరకాయ తొక్కలు పారేయకుండా పచ్చిమిర్చి, చింతపండుతో వేయించి నూరండి.