వార్తల్లో పదం: సార్వత్రిక న్యాయపరిధి

నేరం జరిగింది డమాస్కస్‌లో. నిందితుడు సిరియన్. శిక్ష వేసింది మాత్రం జర్మనీలోని కోబ్లెంజ్ కోర్టు! జనహననం, యుద్ధనేరాల వంటి ఘోరాలు ఎక్కడ జరిగినా, ఎవరు చేసినా విచారించేందుకు ఒక దేశపు కోర్టుకు ఉండే అధికారమే సార్వత్రిక న్యాయపరిధి.

సిరియా అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో సభ్యదేశం కాదు. భద్రతా మండలి ద్వారా సిరియా వ్యవహారాన్ని ఆ కోర్టుకు పంపబోతే 2014లో రష్యా, చైనా వీటో చేశాయి. దాంతో బాధితులకు కోబ్లెంజ్ లాంటి కోర్టులే దిక్కయ్యాయి.

కోబ్లెంజ్ కేసులో నిందితుడు అన్వర్ రస్లాన్. డమాస్కస్‌లోని అల్ ఖతీబ్ నిర్బంధ కేంద్రంలో దర్యాప్తు అధిపతిగా పనిచేశాడు. 2014లో జర్మనీ చేరాడు. మరుసటి ఏడాది, తననెవరో వెంటాడుతున్నారంటూ తానే బెర్లిన్ పోలీసుల దగ్గరికెళ్లి పాత ఉద్యోగం సంగతి చెప్పాడు. 2019లో అరెస్టయ్యాడు. ఆ కేంద్రంలో చిత్రహింసలు పడ్డవారు కోర్టులో అతని ఎదుటే సాక్ష్యమిచ్చారు. వాళ్ల ధైర్యం లేకుంటే కేసు నిలిచేది కాదు. 27 హత్యలు సహా మానవాళిపై నేరాలకు 2022 జనవరి 13న అతనికి యావజ్జీవ శిక్ష పడింది.