వీలునామాలో పరస్పర విరుద్ధ వాక్యాలు - న్యాయస్థానాల అన్వయం

‘నా యావదాస్తి నా భార్యకు సర్వహక్కులతో చెందవలెను’ అని వ్రాసి, దిగువన ‘ఆమె తదనంతరం నా కుమారునికి చెందవలెను’ అని చేర్చిన వీలునామాలు తరచు వివాదాలకు దారితీస్తున్నాయి. భార్యకు ఆస్తిని విక్రయించే హక్కు ఉన్నదా, జీవితాంతం అనుభవించే హక్కు మాత్రమేనా అన్నదే ప్రశ్న.

భారత వారసత్వ చట్టం, 1925లోని 82వ సెక్షన్ ప్రకారం వీలునామాను మొత్తంగా చదివి అర్థం గ్రహించాలి. రెండు వాక్యాలకు పొత్తు ఏ విధంగానూ కుదరనప్పుడే 88వ సెక్షన్ ననుసరించి చివరి వాక్యం చెల్లుతుంది. రిజిస్టరు దస్తావేజులలో పద్ధతి ఇందుకు భిన్నం. అక్కడ ముందరి వాక్యమే నిలుస్తుంది. వీలునామా కర్త మనసు మార్చుకొనవచ్చును గనుక ఈ భేదమని 1995లో సుప్రీంకోర్టు వివరించింది.

అయితే భార్యకు సంపూర్ణ హక్కు స్పష్టంగా సంక్రమింపజేసిన ఒక వీలునామాలో, ఆమె తరువాత దౌహిత్రులకు చెందవలెనన్న వాక్యం చెల్లదని 2002లో అదే న్యాయస్థానం తీర్పునిచ్చింది.