డైట్‌లో సీటొచ్చింది సరే, డీఎస్సీ ఎప్పుడొస్తాది?

కార్వేటినగరం అంటే బయటోళ్లకు స్కంద పుష్కరిణి, వేణుగోపాలస్వామి గుడి గుర్తుకొస్తాయి. అదే చిత్తూరు జిల్లాలో పనిచేసే పంతుళ్లను అడగండి, ముందు చెప్పేది డైట్ పేరే. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాకొక టీచర్ల శిక్షణ సంస్థ లెక్కన దేశమంతా పెట్టుకుంటా వచ్చినప్పుడు, ఉమ్మడి చిత్తూరు జిల్లా డైట్ తిరుపతికీ పోలేదు, చిత్తూరు టౌనుకీ పోలేదు, మన ఊరికి వచ్చింది. ఈడ రెండేండ్లు చదివి డిప్లొమా తీసుకున్నోళ్లు జిల్లాలో చానా ప్రాథమిక బడుల్లో పాఠాలు చెప్తా ఉండారు.

ఇంటర్ అయిన పిలకాయలు ఏటా అడిగే ప్రశ్న ఒకటుండాది. డీఎడ్‌లో చేరేదా, డిగ్రీకో బీటెక్‌కో పొయ్యేదా? ఇంట్లో పెద్దోళ్లు 'టీచరుద్యోగం కంటే ఏం గావాలరా' అంటారు. నన్నడిగితే ఇది చదువు ప్రశ్న కానే కాదు, రాజకీయం ప్రశ్న. డీఎడ్ చదివినోడికి సర్కారు ఉద్యోగం అంటే ఎస్జీటీ పోస్టు ఒకటే దారి. ఆ పోస్టు డీఎస్సీ పెడితేనే వస్తాది. డీఎస్సీ ఎప్పుడు పెట్టేది తేల్చేది పరీక్షల బోర్డు కాదు, ముఖ్యమంత్రి కుర్చీలో ఉండేవాళ్లు.

తేదీలు చూడండి. 2008, 2012, 2014, 2018, 2025. నాలుగేండ్లు, రెండేండ్లు, నాలుగేండ్లు, మళ్లీ ఏడేండ్లు. దీనికొక పద్ధతి ఉందని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు. 2017లో డైట్‌లో చేరినోళ్లు 2019లో బయటికొచ్చినారు. వాళ్లు వచ్చేటప్పటికి 2018 డీఎస్సీ అయిపొయింది. తర్వాతి పరీక్ష రాసింది 2025 జూన్‌లో. ఆరేండ్లు! రెండేండ్ల కోర్సుకు మూడింతలు కాచుకోని ఉండాల్సొచ్చింది. ఆ మధ్యలో ప్రైవేటు బళ్లో తక్కువ జీతానికి చెప్పినోళ్లు, బెంగళూరు, చెన్నై పనులకు పొయినోళ్లు, పెండ్లయి పుస్తకాలు అటక మీద పెట్టిన ఆడపిల్లలు, అందరూ ఉండారు.

ఇంత కంటే పెద్ద కత 1998 డీఎస్సీ వాళ్లది. అప్పుడు క్వాలిఫై అయ్యి ఉద్యోగం రానోళ్లలో కొన్ని వేల మందికి 2023లో మినిమం టైమ్ స్కేల్ మీద పోస్టింగులు ఇచ్చినారు. ఇరవై అయిదేండ్ల తర్వాత! ఇచ్చింది జగన్ ప్రభుత్వం, ఆ మంచి వాళ్ల ఖాతాలోనే రాయాల. అదే ప్రభుత్వం 2019 నుంచి కొత్త డీఎస్సీ పెట్టకుండా నెట్టుకొచ్చి, 2024 ఫిబ్రవరిలో ఎలక్షన్ల ముందర 6,100 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. పరీక్ష జరగనే లేదు. నాడు-నేడు కింద బడికి రంగులేసినారు, బెంచీలు, మరుగుదొడ్లు వచ్చినాయి. అది అబద్ధం కాదు. బడి బాగు చేసి పంతులు ఉద్యోగం నింపకపోతే ఎట్లా అనేదే నా గొడవ.

ఇప్పటి ప్రభుత్వం సంగతి. 2024 జూన్ 13న చంద్రబాబు మొదటి సంతకం మెగా డీఎస్సీ ఫైలు మీద పెట్టినారు. పోస్టులు 16,347. అందులో స్కూల్ అసిస్టెంట్లు 7,725, ఎస్జీటీలు 6,371. సంతకం జూన్‌లో, నోటిఫికేషన్ వచ్చింది మరుసటి ఏడు ఏప్రిల్ 20న. ఎస్సీ వర్గీకరణ తేలాల అని ఆపినారు. మనది ఎస్సీ రిజర్వుడు గంగాధర నెల్లూరు నియోజకవర్గం, ఆ కారణం ఈడ చానామందికి అర్థమయ్యేదే. పరీక్షలకు 3.3 లక్షల మందికి పైగా పోటీ పడినారు. సెప్టెంబరు 25న అమరావతిలో నియామక పత్రాలు ఇచ్చినారు. మాటిచ్చి చేసినారు, కాదనలేం. ఇంక నుంచి ఏటా డీఎస్సీ అని కూడా చెప్పినారు. అది జీవోగా, క్యాలెండరుగా కండ్ల ముందర కనబడే దాకా నేనైతే రవ్వంత అనుమానంతోనే ఉంటా. పార్టీ ఏదైనా సరే, 'మెగా' అనే మాట వినబడిందంటే ముందు ఏండ్లలో భర్తీ చేయకుండా కుప్ప పోసినారనే అర్థం.

డీఎడ్ వాళ్లకు ఇంకో యుద్ధం కోర్టులో జరిగింది. 2018లో ఎన్సీటీఈ బీఎడ్ చేసినోళ్లు కూడా ప్రాథమిక బళ్లో చెప్పొచ్చు, ఆరు నెలల బ్రిడ్జ్ కోర్సు చేస్తే చాలు అన్నాది. రాజస్థాన్ హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు కూడా అదే మాట ఖాయం చేసింది. ఆరేండ్ల బిడ్డకు అక్షరం నేర్పేది వేరే విద్య, దానికి శిక్షణ తీసుకున్నోళ్లే చెప్పాల అని. అయినా 2024 నోటిఫికేషన్‌లో మన రాష్ట్రం బీఎడ్ వాళ్లను ఎస్జీటీకి రానిచ్చింది, హైకోర్టు ఆపింది. డైట్ చదువుకు ఈ పొద్దు విలువ నిలిచి ఉండాదంటే ఆ తీర్పు వల్లే.

ఖాళీలు ఎట్లా పుడతాయి, ఎట్లా మాయమైతాయి అనేది కూడా తెలుసుకోవాల. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బళ్లో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90కి ముగ్గురు, 120 దాకా నలుగురు. మన ఊరి నుంచి ప్రైవేటు బడి వ్యాన్ ఎక్కే ప్రతి పిలకాయ ఈ లెక్క నుంచి ఒకటి తీసేస్తాడు. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 అయితే 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు కలిపింది. చానా బళ్లలో 1, 2 తరగతులు, ఒక్క పంతులు మిగిలినారు. 2025లో ఆ జీవోను రద్దు చేసినారు. సర్కారు బడి పలచబడితే మొదట పొయ్యేది ఎస్జీటీ పోస్టే, అంటే డైట్ పిలకాయల నోటికాడ కూడు.

సెప్టెంబరు 5న సర్వేపల్లి రాధాకృష్ణన్ ఫొటోకు దండేస్తారు కదా. ఆయన పుట్టిన తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోదే. ఆయన కంటే ముందు ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదటి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి, చిత్తూరు పక్కనోడే. 1930లో బ్రిటిషోళ్ల అణచివేతకు నిరసనగా ఆ పదవి వదిలేసినాడు. తర్వాత ఆ కుర్చీలోకి వచ్చింది రాధాకృష్ణన్. ఒకే జిల్లా మనుషులు ఇద్దరు! ఇప్పుడు ఈ పక్కల చదువు కోసం పదవి వదులుకునే నాయకుడు ఉండాడా అంటే, మీరే చెప్పండి. మన నియోజకవర్గంలో 2014, 2019ల్లో వైఎస్సార్సీపీ నుంచి నారాయణస్వామి గారు గెలిచి ఉప ముఖ్యమంత్రి కూడా అయినారు, 2024లో టీడీపీ నుంచి థామస్ గారు గెలిచినారు. డీఎస్సీ ఎమ్మెల్యే చేతిలో పని కాదు, నిజమే. కానీ రోడ్డు అడిగినట్టు, బోరు అడిగినట్టు మనం ఖాళీల సంగతి అడగతా ఉండామా? అడగనిది అసెంబ్లీకి యాడ పోతాది.

ఇప్పుడు డైట్‌లో ఉండే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక లెక్క. ఎస్జీటీ మార్కులు వందలో 80 డీఎస్సీవి, 20 టెట్‌వి. టెట్ 150కి ఉంటాది, దాన్ని 20కి కుదిస్తారు. 90 వచ్చినోడికి 12, 120 వచ్చినోడికి 16. డీఎస్సీలో ప్రశ్న అర మార్కు కాబట్టి ఆ నాలుగు మార్కులు ఎనిమిది ప్రశ్నలతో సమానం. డీఎస్సీ రాకపోయినా టెట్ వస్తానే ఉంటాది, దాని సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతాది. పాసైనాం కదా అని గమ్మునుండొద్దు, మార్కులు పెంచుకునేదానికి మళ్లీ రాయండి.

ఇంకొకటి. మండలంలో ఎన్ని ఎస్జీటీ పోస్టులు మంజూరైనాయి, ఎంతమంది పనిచేస్తా ఉండారు, ఎన్ని బళ్లు ఒక్క టీచరుతో నడస్తా ఉండాయి అనేది సమాచార హక్కు చట్టం కింద ఎంఈఓ ఆఫీసులో ఎవరైనా అడగొచ్చు. మండల స్థాయి దరఖాస్తుకు రుసుము అయిదు రూపాయలు, ముప్పై దినాల్లో జవాబు ఇయ్యాల.