జన్‌స్కార్‌లో దారి నదిని ఎందుకు వదిలేస్తుంది?

లద్దాఖ్‌లోని జన్‌స్కార్ పటం తెరిచిన ఎవరికైనా ఒక సందేహం వస్తుంది. పదుమ్ దగ్గర రెండు పాయలు కలిసి జన్‌స్కార్ నది ఏర్పడుతుంది. అది ఉత్తరంగా సాగి నిమ్ము దగ్గర సింధులో కలుస్తుంది. ఆ ఒడ్డునే నడిస్తే లేహ్ వైపు వెళ్లిపోవచ్చు కదా! కానీ పాత కాలిబాట కొంతదూరం నది పక్కన సాగి, తర్వాత కొండల్లోకి మళ్లుతుంది. హనుమ లా కనుమ ఎక్కి లింగ్‌షెడ్ ఊరికి దిగుతుంది. మళ్లీ దాదాపు 5,000 మీటర్ల ఎత్తున్న సింగే లా ఎక్కి, చివరికి లామాయురు అనే ఊరు చేరుతుంది.

కారణం నదిలోనే ఉంది. అది కొండలను నిలువునా కోసుకుంటూ పోయింది. చాలాచోట్ల ఒడ్డే లేదు, రాతిగోడ కిందే నీళ్లు. వేసవిలో మంచు కరిగి ఆ ప్రవాహం దాటరానంత ఉద్ధృతమవుతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో అదే నది పైన గడ్డకడుతుంది. జన్‌స్కారీలు వెన్న అమ్ముకోవడానికి, పిల్లల్ని బడిలో దింపడానికి ఆ మంచు మీదే లేహ్‌కు నడిచేవారు. ట్రెక్కింగ్ చేసేవాళ్లు చెప్పుకునే ‘చాదర్’ ఇదే.

నదిని వదిలిన దారి కనుమలెక్కుతుంది కాబట్టి ఇక్కడ దారి ఎంచుకునేటప్పుడు కిలోమీటర్లు లెక్కేస్తే సరిపోదు. రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటామన్నది ముఖ్యం. 3,000 మీటర్లు దాటాక ఆ ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలని వైద్యులు చెబుతారు. హైదరాబాద్ నుంచి విమానంలో వెళ్లేవాళ్లు కొన్ని గంటల్లోనే 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో దిగుతారు. కనీసం రెండు రోజులు అక్కడే ఉండిపోవాలి. ఇక మంచు కరిగి పారే వాగులను పొద్దున్నే దాటాలి. ఎండెక్కే కొద్దీ నీరు పెరిగి, ఉదయం మోకాలిలోతున్న వాగు మధ్యాహ్నానికి మనిషిని లాగేస్తుంది.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసేది లింగ్‌షెడ్ ఉన్న చోటు. ఎత్తువల్ల తలనొప్పి, వాంతులు ముదిరినా, నడక తూలినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా వెంటనే కిందికి దిగాలంటారు. కానీ రెండు కనుమల నడుమ ఉన్న ఊరి నుంచి పాత బాటలో బయటపడాలంటే ముందు ఎక్కాల్సిందే! ఇప్పుడు సింగే లా మీదుగా అక్కడికి బండిదారి పడింది. కొంతదూరం నది లోయలో కొండను తొలిచి వేసిన 298 కిలోమీటర్ల నిమ్ము–పదుమ్–దార్చా రోడ్డు 2024లో కలిసింది. పాత నడకదారులు పోయాయని ట్రెక్కర్లు బాధపడుతున్నారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. అయినా శీతాకాలంలో పురుటి నొప్పులు పడే తల్లికి ఆ రోడ్డే ఆసరా. నడవాలనుకునేవాళ్లకు హనుమ లా ఇంకా ఉంది. వెళ్లేముందు, బండి అందే చోటు ఏ కనుమకు ఏ వైపున ఉందో పటంలో గుర్తు పెట్టుకోండి.