మీకు తెలుసా? ఏలూరి చెంతనే వేంగీపురము
ఏలూరునకు ఉత్తరమున సుమారు 12 కిలోమీటర్ల దూరమున, తోటల నడుమ నేఁడొక సామాన్యగ్రామముగఁ గానవచ్చు పెదవేగియే, శాలంకాయనులకును, పిదపఁ గుబ్జవిష్ణువర్ధనుని వంశజులగు తూర్పు చాళుక్యులకును రాజధానియై వెలసిన వేంగీపురము. 7వ శతాబ్దమున ఆంధ్రదేశమునకు వచ్చిన చైనా యాత్రికుఁడు హ్యూయన్‌త్సాంగ్ ఈ నగరము చుట్టుకొలత 20 లీలని, అనఁగా సుమారు 8 కిలోమీటర్లని వ్రాసెను.

రాజసౌధములేవి యని వెదకువారికి నిచ్చట దొరకునవి మట్టిదిబ్బలును, ఇటుక పునాదులును మాత్రమే. హంపీ రాజప్రాంగణమునందైనను శిలావేదికలు నిలిచినవే కాని, వానిపైఁ గట్టిన దారుసౌధములు నిలువలేదు గదా! అయినను, శాలంకాయనులు తమ తామ్రశాసనములలో భక్తితోఁ బేర్కొన్న చిత్రరథస్వామి ఆలయస్థానమిదియే యని యొక దిబ్బను స్థానికులు చెప్పుకొనుచుండిరని, 1902లో నచటికేఁగిన శాసనపరిశోధకుఁడు హుల్ట్‌ష్ తెలిపియున్నాఁడు. ఇంచుమించు పదునైదు శతాబ్దములు ఒక దేవుని పేరును మఱవని యా పల్లె స్మృతి, ఏ రాతిమేడకును దీసిపోని కట్టడమని నా నమ్మకము.

కాలక్రమమున రాజధాని రాజమహేంద్రవరమునకుఁ దరలెను. 11వ శతాబ్దమున రాజరాజనరేంద్రుఁడు పాలించినది అచ్చటినుండియే. గోదావరీతీరమును జూడవచ్చు పాఠకులారా, పెదవేగినిఁ గూడ దర్శింపుఁడు. దిబ్బలమీఁది యిటుకను మాత్రము కదల్పకుఁడు.