అప్రస్తుత ప్రసంగము

అష్టావధాన సభను చూచినవారి కొక వింత తోచియుండును. అవధాని యెదుట ఎనమండుగురు పృచ్ఛకులు కూర్చుందురు. ఒకరు సమస్య నిత్తురు. ఒకరు నాలుగు పదములిచ్చి, పాదమున కొకటిగా పొదిగి పద్యము చెప్పుమందురు. వేరొకరు అవధాని పలుకబోవు అక్షరము నూహించి, అది కూడదని నిషేధింతురు. ఇంకొకరు ఉండియుండి గంట కొట్టుచుందురు. ఆ గంటలెన్నియో తుదకు లెక్క చెప్పవలెను. ఇన్నింటిని మనస్సున నిలుపుకొని, ఆవృత్తమున కొక పాదముగా పద్యములు నడపి, కడపట వాని నన్నిటిని ధారణ చేసి వినిపించుట అవధాని పని. ఇంతటి ఏకాగ్రతను కోరు సభలో మనవారు బుద్ధిపూర్వకముగా ఇంకొక ఆసనము వేసిరి. అందు కూర్చున్న పెద్దమనిషి పని యొక్కటే: సమయము చూచి అవధానిని మాటలలోనికి దింపుట! ఆయన అడుగు ప్రశ్నకు సభలో జరుగుచున్న దానితో సంబంధ ముండనక్కరలేదు. అందుచేతనే దానికి అప్రస్తుత ప్రసంగమని పేరు.

ఏకాగ్రతను పరీక్షించు చోట, దానిని చెదరగొట్టువానికే పీట వేయుట విచిత్రముగా కనబడును. కాని ఆలోచించినచో అందు రెండు మేలులు కలవు. గాలి చొరని గదిలో దీపము నిలుచుట గొప్ప గాదు. గాలి వీచు చావడిలో నిలిచిన దీపమే దీపము. పిచ్చాపాటి నడుమ సైతము పద్యపాదమును మరువని బుద్ధియే ధారణ యనిపించుకొనును. ఇది మొదటి మేలు. ఇక సభకు వచ్చినవారందరు ఛందస్సు తెలిసినవారు కారు. నిషిద్ధాక్షరిలోని కష్టము పదిమందికి తెలియును. అప్రస్తుత ప్రసంగములోని చమత్కారము అందరికి తెలియును. ఇది రెండవ మేలు. తిరుపతి వేంకట కవులని పేరొందిన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు అనేక పట్టణములలో సభలు చేసి, అవధానమును జనసామాన్యమునకు చేరువ చేసిరి. నేడు తెలుగువారు స్థిరపడిన అమెరికా పట్టణములలో కూడ అవధానములు జరుగుచున్నవి. ఎక్కడ జరిగినను, పద్యపు నడక ఎరుగని పిల్లవాడు సైతము నవ్వుటకు చోటిచ్చునది ఈ అంశమే.

ఆ ప్రశ్నలెట్లుండునో తెలియుటకు నేనే రెండు కల్పించి చెప్పెదను. “అవధానిగారూ, తమరు నిద్రలో కూడ పద్యములు చెప్పుదురా?” అని ప్రశ్న. “నేను నిద్రలో చెప్పను గాని, నేను చెప్పునపుడు సభవారు నిద్రపోకుండిన చాలును” అని సమాధానము. “కాఫీని అచ్చతెలుగులో ఏమందురు?” అని మరొక ప్రశ్న. “ఇంకొక గ్లాసు అందురు” అని సమాధానము. ఈ రెండింటిలోను గమనింపదగిన దొకటి కలదు. ప్రశ్న కొంటెదైనను, సమాధానము ప్రశ్నించినవానిని గాయపరచలేదు. మొదటిదానిలో అవధాని తనమీదనే నవ్వుకొనెను. రెండవదానిలో అందరి అలవాటును చూచి నవ్వెను. సభ నవ్వినది, ఎవరి మనస్సును నొవ్వలేదు.

అంతటితో నవ్వి ఊరకుండవచ్చును. కాని ఆ కొంటెప్రశ్న అడుగున నిజమైన ప్రశ్న యొకటి దాగియున్నది: కాఫీ అను మాట మనకెట్లు వచ్చినది? అది అరబ్బీలో పుట్టి, తురుష్క భాషమీదుగా ఐరోపా భాషలకు పోయి, ఇంగ్లీషు వెంట మన ఇంటికి వచ్చినది. మనము కూర్చుండు కుర్చీ అరబ్బీ మాట. పుస్తకములు దాచుకొను అలమార, చొక్కాకు పెట్టుకొను బొత్తాము, ఇల్లు కట్టు మేస్త్రి పోర్చుగీసు మాటలు. ఒక్క గ్లాసు కాఫీ ఇన్ని సముద్రములను దాటించినది!

ఇందువలననే నేనీ విషయమును ఉపాధ్యాయ సోదరులకు, విద్యార్థులకు విన్నవింపదలచితిని. ప్రతి తరగతిలోను ఒక అప్రస్తుత ప్రసంగి యుండును. సాధారణముగా అతడు వెనుక బల్లమీద కూర్చుండును. పాఠము రసవత్తరముగా సాగుచుండగా లేచి, దానికి పొంతన లేని ప్రశ్న వేయును. మనము అవధానికిచ్చు కీర్తిని కోరుదుము గాని, ఆ పృచ్ఛకునకు పీట వేయుటకు ఇష్టపడము. “పాఠములో ఉన్నది అడుగుము, కూర్చుండుము” అందుము. అతడు కూర్చుండును. రెండుమార్లు కూర్చుండబెట్టిన పిదప మూడవమారు లేవడు.

శ్రీనాథుని పల్నాటి చాటువులు చెప్పుచున్నామనుకొనుడు. జొన్నకూటి ప్రస్తావన రాగానే ఒక కుర్రవాడు లేచి, “శ్రీనాథుడు మిరపకాయ బజ్జీలు తినియుండునా అండీ?” యనును. తరగతి గొల్లుమనును. ఇక్కడ ఉపాధ్యాయునకు రెండు త్రోవలు కలవు. కోపపడుట మొదటిది, అది సులభము. సమాధానము చెప్పుట రెండవది. ఆ సమాధానమేమి? శ్రీనాథుడు 14, 15 శతాబ్దులవాడు. మిరప అమెరికా ఖండపు పంట. 1492లో కొలంబసు ఆ ఖండపు దీవులను చేరిన తరువాతనే అది తక్కిన ప్రపంచమునకు తెలిసినది. 1498లో వాస్కోడగామా కోళిక్కోడు చేరిన పిమ్మట, పోర్చుగీసువారి రాకపోకల వెంట అది మన దేశమునకు వచ్చినది. కాబట్టి మహాకవి మిరపకాయ రుచి ఎరుగడు. ఆయన ఎరిగిన కారము మిరియపు కారము. బంగాళాదుంప, టమాటా, జామ, బొప్పాయి సైతము ఆయనకు తెలియవు. ఇంతవరకు చెప్పి, “అయినచో ఆనాటి విస్తరిలో ఏమేమి యుండెడివో ఆయన కావ్యములలో వెదకి తెండు” అనినచో, అంతదాక పద్యమునకు భయపడినవారు కూడ పుస్తకము తెరతురు. బజ్జీ నుండి కావ్యమునకు త్రోవ దొరకినది.

మన అలంకార శాస్త్రములో అప్రస్తుత ప్రశంస యను అలంకార మొకటి కలదు. ప్రస్తుతము కాని దానిని వర్ణించి, దానిచేత ప్రస్తుతమైనదానిని స్ఫురింపజేయుట దాని లక్షణము. అవధానములోని అప్రస్తుత ప్రసంగము వేరు, ఈ అలంకారము వేరు. అయినను పిల్లల ప్రశ్నలను చూచినప్పుడెల్ల నాకు ఈ రెండును కలిసి కనబడును. దారి తప్పినట్లు తోచు ప్రశ్న, దారి చివరనున్న ఊరినే చూపుచుండును. చూడగలుగుట మన వంతు.

అయితే పరిహాసమంతయు పరిహాసము కాదు. సభలో అప్రస్తుత ప్రసంగికి కూడ మర్యాద కలదు. అవధాని ఏ పాదములో నున్నాడో ఎరిగి, ఎప్పుడు మాట విసరవలెనో తెలిసి, అశ్లీలమునకు దిగక, మనిషిని కించపరచక అడుగవలెను. ఎదుటివాని పద్యము చెడిపోవలెనని గాక, పరీక్షకు నిలువవలెనని అడుగవలెను. ఈ మర్యాద తప్పిన పరిహాసమును మనము ప్రతి విద్యాలయములోను చూచుచున్నాము. దానికి సులభముగా చిక్కునది యాస. శ్రీకాకుళము పిల్ల నోరు తెరచినను, పాలమూరు పిల్లవాడు నోరు తెరచినను, తోటివారు దీర్ఘములు తీసి వెక్కిరింతురు. కొన్నిచోట్ల ఉపాధ్యాయులే నవ్వుదురు. ఆ నవ్వు వినిన పిల్ల మరునాటినుండి తన అమ్మ నేర్పిన మాటను దాచుకొనును. ఒక మాట దాగినచో భాష కంతమేర నష్టము. ఆ పిల్లకు కలుగు నష్టమునకు కొలత లేదు.

అదే యాసను కుతూహలముతో పలుకరించి చూడుడు. “మీ ఊరిలో వేరుసెనగకాయను ఏమందురు?” అని అడిగినచో, తెలంగాణపు పిల్ల పల్లీ యనును, రాయలసీమ పిల్లలలో ఒకడు బుడ్డ యనును, ఒకడు చెనిక్కాయ యనును. ఆనపకాయను సొరకాయ యనువారు కలరు. ఇక్కడ కూడ నవ్వు పుట్టును. కాని ఇది వింతకు పుట్టిన నవ్వు, వెక్కిరింతకు పుట్టినది కాదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఇట్టి ప్రశ్ననే శాస్త్రముగా మార్చిరి. రైతులు తమ పనిముట్లను, పనులను ఏ ప్రాంతమున ఏమని పిలుతురో వారి నోటనే విని సేకరింపజేసి, మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటమును 1962లో వెలువరించిరి. గట్టుమీద కూర్చుండి “దీని నేమందురయ్యా?” అని అడుగు మాట సరదా మాటవలె వినబడును; నిఘంటువు దానితోనే మొదలైనది.

తెలియని ప్రశ్న వచ్చినచో ఏమి చేయవలెనని కొందరు ఉపాధ్యాయులకు జంకు. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాద మహర్షి కడకు పోవుదురు. ఒక సంవత్సరము తనకడ నియమముతో నుండి, ఆపైన ఇష్టము వచ్చినది అడుగుడనియు, తనకు తెలిసియున్నచో చెప్పెదననియు ఆయన బదులు చెప్పెను. తెలిసియున్నచో నను మాటను మహర్షియే పలికెను. మనము పలుకుటకు సిగ్గుపడనేల? “రేపు చూచి చెప్పెదను” అని, మరునాడు నిజముగా చూచి చెప్పు గురువుమీద పిల్లలకు గౌరవము పెరుగునే గాని తరుగదు.

కాలనిర్ణయ పట్టికలో అన్నిటికి గంటలు కలవు. వారమున కొక పావుగంట దీనికి కేటాయింపుడు. ఆ పావుగంటలో పాఠమునకు సంబంధించిన ప్రశ్న అడుగరాదని నియమము పెట్టుడు. మనిషిని నొప్పించు ప్రశ్న అడుగరాదని రెండవ నియమము. మూడవది అక్కరలేదు. మొదటి వారము తరగతి మౌనముగా నుండవచ్చును. వెనుక బల్లవైపు చూచి కొంచెము ఓపికపట్టుడు. మిరపకాయ బజ్జీని గూర్చి అడుగదలచినవాడు అక్కడ ఎవడో యొకడు తప్పక యుండును.